బరువు తొక్కే ర్యాలీ: పర్లాకిమిడిలో ఒక పాత సైకిల్ కేస్ స్టడీ

బండి ఇంగ్లండ్‌లో తయారైన ర్యాలీ. జెంట్స్ ఫ్రేము, నలుపు రంగు, 28 అంగుళాల చక్రాలు, కమ్మీ బ్రేకులు, వెనక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు. ఫిర్యాదు ఒక్కటే: తొక్కితే బరువు. ఓనరు కోరికలు రెండు. కొత్తదానిలా రంగు వేయించాలి, పొద్దున్నే పాతపట్నం దాకా తొక్కుకుంటూ వెళ్లి రావాలి.

ఓనరు బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పర్లాకిమిడిలో మాలాంటి చాలామంది లాగే. సైకిలు వాళ్ల నాన్నగారిది. ఆయన నౌపడా-గుణుపురం చిన్న రైలుకి గార్డు. నౌపడా నుంచి మా ఊరికి 1900లో వేసిన ఆ రెండున్నర అడుగుల లైను మీద రైలు 2004 దాకా నడిచింది. సైకిలు మాత్రం అంతకు చాలాముందే వసారాలో గోడకు చేరింది. కారణం అడిగితే ఇంటిల్లిపాదీ ఒకటే మాట: ‘‘దొరల ఇనుము బాబూ, బరువుండక ఏటవుతాది?’’

మధ్యలో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు చూశారట. అందరూ ఇచ్చిన సలహా ఒకటే. ఆ గేరు హబ్బు పీకేసి మామూలు హబ్బు, ఫ్రీవీలు వేయించెయ్యండి, తేలికవుతుంది. పాత గేర్ల సైకిళ్లు మా వైపు చాలావరకు అలాగే చచ్చాయి. హబ్బు పాత ఇనుము కొట్టుకి, ఫ్రేము పాలవాడికి.

నా పద్ధతి వేరు. రంగు, మెరుపు తర్వాత సంగతి. ‘బరువు’ అన్నదానికి ముందు కారణం పట్టుకోవాలి. ఇనుము బరువైతే స్టాండు మీద తెలియదు, రోడ్డు మీదే తెలుస్తుంది. స్టాండు మీద కూడా పెడలు బరువుగా తిరిగితే తప్పు ఇనుముది కాదు. ఈ బండి పెడలు స్టాండు మీదే మొరాయించింది. ఎత్తి చూస్తే మామూలు నల్ల సైకిలుకీ దీనికీ తేడా ఏమీ లేదు.

మొదటి కారణం కంటికే కనబడింది. గేరు వైరు లేదు. హ్యాండిలు మీద గేరు మార్చే ట్రిగ్గరు ఉంది, వెనక ఇరుసు నట్టులోంచి బయటకు రావాల్సిన చిన్న గొలుసు (ఇండికేటరు గొలుసు) లేదు. స్టర్మీ ఏడబ్ల్యూ (ఈ మూడు గేర్ల రకం పేరు) హబ్బు గురించి తెలియనివాళ్లు పొరబడేది ఇక్కడే. వైరు తెగితే ఆ హబ్బు మధ్య గేరులో ఆగదు. లోపలి స్ప్రింగు క్లచ్చిని నెట్టేసి నేరుగా మూడో గేరులో, అంటే అన్నిటికంటే బరువైన గేరులో పడేస్తుంది. ఒకటో గేరు 75 శాతం, రెండోది నేరు, అంటే 100, మూడోది 133 శాతం. ముందు పళ్ల చక్రానికి 46 పళ్లు, వెనక 18. లెక్క వేస్తే రెండో గేరులో ఒక తొక్కుకి బండి సుమారు 5.6 మీటర్లు కదలాలి. మూడోదానిలో అది ఏడున్నర మీటర్లు. మామూలు సింగిల్ గేరు సైకిలు ఆ రెండో గేరుకి దగ్గర్లో ఉంటుంది. వైరు తెగిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరు ఎక్కినా ఏడున్నర మీటర్ల గేరే తొక్కారు, ఎదురుగాలిలోనూ, ఎత్తులోనూ. పెద్దాయనకి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘నాన్నగారు చివరి రోజుల్లో నడిపించుకునే వచ్చేవారు, తొక్కేవారు కాదు’’ అన్నారు.

హబ్బు గొట్టం మీద మడ్డి గీకితే ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, పక్కన 57 అన్న అంకె బయటపడ్డాయి. ఆ రోజుల్లో స్టర్మీ-ఆర్చర్ వాళ్లు తయారైన ఏడాదిని ఇలా గుద్దేవాళ్లు. అంటే హబ్బు 1957ది. ఇంట్లోవాళ్లు మాత్రం ‘స్వతంత్రం రాకముందుది’ అంటున్నారు. హబ్బు అంకె చక్రం వయసే చెబుతుంది, చక్రం మారి ఉండొచ్చు, నిజమే. కానీ కొంగ తలల పళ్ల చక్రం, ఫోర్కు నెత్తి మీద గొట్టపు టోపీలు, వెనక 40 ముందు 32 పుల్లలు, అన్నీ ఒక జట్టుగానే ఉన్నాయి. నా రాతలో 1957 అనే రాసుకున్నాను.

రెండో కారణం పెడళ్ల మధ్య, బీబీలో, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే ఫ్రేము గొట్టంలో దొరికింది. ఈ కేసులో ఎక్కువ పని పట్టింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పెడలు కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఒకచోట పట్టేస్తుంది, సగం చుట్టు తిరిగాక వదులవుతుంది. ఇరుసు వంకరైనా ఇలాగే ఉంటుంది, ఆ గొట్టం రెండు పక్కలా మరలతో బిగిసే బేరింగు కప్పు వంకరగా కూర్చున్నా ఇలాగే ఉంటుంది. ఎడమ కప్పు చూస్తే దానిమీద ఉండాల్సిన లాకు రింగు లేదు, కప్పు అంచు ఒక పక్క లోపలికి, ఒక పక్క బయటికి ఉంది. సుత్తి దెబ్బలు అంచు పొడుగునా. సంగతి అర్థమైంది. ర్యాలీ కంపెనీవాళ్లు బీబీకి, ఫోర్కు గొట్టానికి తమ సొంత మరలు కోసుకున్నారు, అంగుళానికి 26. మిగతా ఇంగ్లిషు కంపెనీలవి చాలావరకు 24. రెండిటి వ్యాసమూ ఒకటే, ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాలు. అందుకే బజారులో దొరికే 24 కప్పు ర్యాలీ నోట్లో పెడితే మొదట పట్టినట్టే ఉంటుంది. ఒక్కో మరకి తేడా 0.08 మిల్లీమీటరు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఆ తేడా పోగై కప్పు బిగుసుకుంటుంది. అక్కడ ఆగి ఆలోచించాలి. ముందు చూసిన మెకానిక్కు ఆగలేదు, సుత్తి అందుకున్నాడు.

ఊడదీయడం కూడా తేలికేం కాదు. పెడలు కడ్డీని ఇరుసుకి బిగించే కాటరు పిన్నులు ముందు. మా వైపు కాటరు పిన్నుని సుత్తితో కొడతారు, దెబ్బంతా పోయి బేరింగు గోలీలు తిరిగే దారి మీద పడుతుంది, అక్కడ గుంటలు లేస్తాయి. నేను నేల నుంచి పెడలు కడ్డీ కిందికి సరిగ్గా అందే గొట్టం ముక్క కోసి పెట్టుకున్నాను. కడ్డీని గొట్టం మోస్తుంది, పిన్ను గొట్టంలోకి దిగుతుంది, దెబ్బ నేలకి పోతుంది. కొట్టే ముందు రాత్రి పిన్ను చుట్టూ చొచ్చుకుపోయే నూనె వెయ్యాలి. నట్టు పూర్తిగా తీసేయకుండా పిన్ను చివర సమానంగా ఉంచి దానిమీదే కొట్టాలి, లేకపోతే మరలు పువ్వులా విచ్చుకుంటాయి. ఒక పిన్ను అలా వచ్చింది. రెండోది రాలేదు. దాన్ని డ్రిల్లు వేసి తీశాను. పిన్ను పోతే పోయింది, కడ్డీ రంధ్రం పాడవకూడదు.

కుడి కప్పుని ముట్టుకోలేదు. అది ఎడమ మరలది, ఫ్యాక్టరీలో బిగించినప్పటి బిగువులోనే ఉంది. టార్చి వేసి, గుడ్డతో తుడిచి, గోళ్లతో గోలీల దారి తడిమి చూశాను. అద్దంలా ఉంది. బాగున్న కుడి కప్పుని శుభ్రం చేద్దామని ఊడదీసేవాళ్లు ఎక్కువ. ఊడదీస్తే మళ్లీ ఆ బిగువు మన చేతుల్లో రాదు. ఉన్నచోటే కిరసనాయిలుతో కడగొచ్చు.

ఎడమ పక్క పాడైంది మొదటి మూడు మరలే, లోపలివి బాగున్నాయి. దారులు మూడు. ఎడమ నోరు వెల్డింగుతో నింపి కొత్తగా 24 మరలు కోయించడం ఒకటి. ఆ వేడికి లగ్గుల్లో, అంటే ఫ్రేము గొట్టాల అతుకుల్లో ఉన్న ఇత్తడి టంకం ఏమవుతుందో చెప్పలేం, రంగు ఎలాగూ పోతుంది. మరలు లేకుండా రెండు పక్కల నుంచి బిగిసే కొత్తరకం బేరింగు పెట్టడం రెండోది. పని చేస్తుంది, కానీ కాటరు పిన్ను కడ్డీలు దానికి పట్టవు. మూడోది ఉన్న మరలనే మళ్లీ తెరవడం. అసలు 26 మరల ట్యాపు మా జిల్లాలో ఏ లేత్ షాపులోనూ లేదు. బరంపురంలో పాత సైకిళ్ల ఇనుములో ఒక ర్యాలీ బీబీ దొరికింది, కప్పు, ఇరుసు రెండూ. ఇరుసుని బండికి దాచాను. ఆ కప్పు గోలీల దారి గుంటలు పడి ఉంది కానీ బయటి మరలు పదునుగా ఉన్నాయి. దాన్నే పనిముట్టు చేశాను.

సన్నటి కటింగు డిస్కుతో కప్పు మరల మీద అడ్డంగా నాలుగు గాడులు కోశాను. గట్టి ఉక్కు కాబట్టి ఆ గాడుల అంచులే కత్తుల్లా పనిచేస్తాయి, కోసిన ఇనుప పొడి గాడుల్లో చేరుతుంది. ఇక్కడ అసలు చిక్కు పదును కాదు, నిటారుతనం. పాడైన నోటి దగ్గర కప్పు ఎటైనా వంగి పట్టొచ్చు. అందుకని పొడుగాటి బోల్టు తీసుకుని కుడి కప్పు రంధ్రంలోంచి ఈ కోత కప్పు మధ్యలోంచి దూర్చాను, రెండు పక్కలా సరిగ్గా పట్టే వాషర్లు వేశాను. ఇప్పుడు కప్పు తిరగగలదు, వంగలేదు. ముందే నలిగిపోయిన మూడు మరల గట్లని మూడు పలకల సన్న ఆకురాయితో విడదీశాను. తర్వాత నూనె వేస్తూ సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. లోపలి మంచి మరలు అందగానే చేతికి తెలిసిపోయింది, అప్పటిదాకా గరగర, అక్కడి నుంచి వెన్న. మొదటి మర పూర్తిగా పోయినట్టే. మిగతావి చాలు.

కొత్తగా వేసిన కప్పు కూడా ర్యాలీదే, చెన్నైలో పాత సామాను పోగేసే ఆయన దగ్గర దొరికింది. లాకు రింగుతో సహా. పావు అంగుళం గోలీలు పక్కకి 11, అన్నీ కొత్తవి. పాత గోలీల్లో సగం పనికొచ్చేలా ఉన్నా కలిపి వాడకూడదు. కొత్త కాటరు పిన్నులు 9.5 మిల్లీమీటర్లవి, చదును ముఖం ఆకురాయితో కొంచెం కొంచెంగా రుద్ది రెండూ ఒకే లోతుకి దిగేలా చూడాలి. ఒకటి ముందు నుంచి దిగితే రెండోది వెనక నుంచి దిగాలి, లేకపోతే పెడళ్లు రెండూ ఒక గీతలో ఉండవు. తొక్కేవాడికి ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, ఏమిటో చెప్పలేడు.

హబ్బు సంగతి. పీకేయమని అందరూ అన్న హబ్బు. నూనె పోసే చిన్న మూత తీస్తే బెల్లం పాకంలాంటి జిడ్డు. వాసన చూస్తే వంటనూనె. ఇంట్లో ఏది చేతికందితే అది పోశారు. వంటనూనె గాలికి చిక్కబడి జిగురవుతుంది, మెషిను నూనెలా ఉండదు. ఇంకో రకం వాళ్లు గ్రీజు దట్టిస్తారు, అదీ తప్పే. లోపల పళ్లకి అడ్డుపడి పట్టే చిన్న కొక్కేలు, అంటే పాల్స్, తేలిగ్గా లేచి పడాలి, గ్రీజులో అవి ఇరుక్కుంటాయి. చివర గోలీలకి మాత్రమే గ్రీజు, లోపలంతా పలచటి ఇంజను నూనె.

విప్పే ముందు ఒక గుర్తు తప్పనిసరి. కుడి పక్క బాల్ రింగు హబ్బు గొట్టంలోకి రెండు నోళ్ల (రెండు చోట్ల మొదలయ్యే) మరతో దిగుతుంది. తీసిన నోట్లోనే మళ్లీ ఎక్కించకపోతే చక్రం తిన్నగా ఉన్నది కాస్తా బెండుగా కనబడుతుంది, అప్పుడు పుల్లలు బిగిస్తూ కూర్చోవాలి. రింగు గాడికి ఎదురుగా గొట్టం మీద చిన్న పంచి గుర్తు పెట్టాను. సుత్తి, మొద్దు ఉలితో రింగు వదిలింది.

లోపల చూస్తే మనసు నిండింది. నాలుగు చిన్న గ్రహ చక్రాలు, మధ్యలో ఇరుసుతో ఒకటైన సూర్య చక్రం, వాటి చుట్టూ పళ్ల రింగు. ఒక్క పన్ను విరగలేదు. ఏళ్ల తరబడి ఒకే గేరులో తిరిగినా అరుగుదల పెద్దగా లేదు. పోయినవి వెంట్రుకంత సన్నగా ఉండే పాల్ స్ప్రింగులు రెండు, ఇండికేటరు గొలుసు. ఈ హబ్బు నమూనా దశాబ్దాలుగా పెద్దగా మారలేదు, ఈనాటి స్ప్రింగు 1957 హబ్బులో కూర్చుంటుంది. కంపెనీ 2000లో ఇంగ్లండ్ నుంచి తైవాన్ చేతుల్లోకి పోయినా ఆ పుణ్యం ఇంకా మిగిలింది. తుప్పు ఉన్న పెద్ద ముక్కల్ని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాను, స్ప్రింగుల్ని, పాల్స్‌ని మాత్రం కాదు. గట్టి ఉక్కు ముక్కలు ఆమ్లంలో నానితే పెళుసెక్కుతాయి. వాటికి కిరసనాయిలు, బ్రష్షు చాలు.

బిగించేటప్పుడు కుడి కోన్ (ఇరుసు మీద గోలీలని నొక్కి పట్టే నట్టు) వేలితో బిగిసినంత బిగించి సగం చుట్టు వెనక్కి తిప్పి లాకు చేయాలి. ఆడేదంతా ఎడమ కోన్‌తోనే సర్దుకోవాలి. చాలామంది కుడి పక్క కూడా కెలుకుతారు.

గేరు వైరు సెట్టింగు మీద పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టి చూపించాను, ఎందుకంటే ఇది ఆయన ఇంట్లో చేసుకోవాల్సిన పని. ట్రిగ్గరు రెండో గేరులో పెట్టి కుడి ఇరుసు నట్టు కిటికీలోంచి చూస్తే, లోపలి కడ్డీ చివర ఇరుసు చివరతో సమానంగా ఉండాలి. వైరు వదులైతే రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పట్టని ఒక చోటు ఉంటుంది. నిలబడి తొక్కుతుండగా అక్కడ పడితే కాలు ఒక్కసారిగా ఖాళీగా జారుతుంది, మనిషి కడ్డీ మీద పడతాడు. ఇంకో గుర్తు చెప్పాను: రెండు, మూడు గేర్లలో తొక్కుతుంటే టిక్ టిక్ మంటుంది, ఒకటోదానిలో నిశ్శబ్దం. చెవితోనే గేరు తెలుస్తుంది.

వెనక పళ్ల బిళ్ల 18 నుంచి 22కి మార్చాను. ఇదొక్కటే నేను బండి స్వభావాన్ని కావాలని మార్చింది. పాత లెక్కలో ఒకటో గేరు 4.2 మీటర్లు, అది ఎక్కుడు దారికి, 60 దాటిన మోకాళ్లకి ఎక్కువే. ఇప్పుడు మూడున్నర లోపు, రెండోది 4.6, మూడోది 6 పైన. బిళ్లని పట్టుకునేది ఒక తీగ సర్క్లిప్పే, మళ్లీ వెనక్కి మార్చాలంటే నిమిషాల పని. పాత బిళ్లని నూనె గుడ్డలో చుట్టి ఇచ్చేశాను.

చక్రాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మన దేశంలో నల్ల సైకిళ్లు ఇంకా 28x1½ చక్రాల మీదే నడుస్తాయి కాబట్టి టైర్లు ఏ సైకిలు కొట్లోనైనా ఉంటాయి. అదే ఇంగ్లండ్‌లో ఈ సైజు వెతుక్కోవాలి. రిమ్ములు పాతవే ఉంచాను, నిపిళ్ల రంధ్రాల చుట్టూ పగుళ్లు లేవు. వెనక తుప్పు తిన్న పుల్లలు మార్చి బెండు తీశాను. ఫ్రేముకి దారం పరీక్ష: వెనక ఇరుసు కూర్చునే ఒక చెవి నుంచి దారం ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండో చెవికి కట్టి, సీటు గొట్టానికి అటూ ఇటూ దూరం కొలిస్తే తేడా ఒక మిల్లీమీటరు. వదిలేశాను.

ఇక రంగు. ఇక్కడ మా ఇద్దరికీ కాస్త గట్టిగానే నడిచింది.

‘‘ఇంత ఖర్చు పెట్టి పాతదాన్లా ఉంచితే ఎవరు చూస్తారు బాబూ?’’ అన్నారాయన.

‘‘రంగేస్తే అందరూ చూస్తారు బాబాయ్‌గారూ, కానీ కొత్త సైకిలనుకుని చూస్తారు’’ అన్నాను. మాటతో ఒప్పుకోలేదు. అప్పుడు పై గొట్టం మీద అరచేతంత మేర కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడిగి, మైనం రుద్ది చూపించాను. నలుపు కింద నుంచి బంగారు గీత లేచింది, చేత్తో లాగిన గీత, ఒకచోట కొంచెం లావుగా. సీటు గొట్టం దగ్గర ఆయన నాన్నగారి తొడ రాసుకుని రంగు పలచబడిన చోటు కూడా కనబడింది. పౌడరు కోటింగు వేయాలంటే ముందు ఇసుక కొట్టి ఇదంతా తీసేయాలి. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చూసి, ‘‘సర్లే, అలాగే కానీ’’ అన్నారు. తుప్పు లోతుగా దిగిన రెండు చోట్ల మాత్రం నల్ల ఎనామిలు సన్న బ్రష్షుతో అద్దాను. ఫ్రేము గొట్టాల లోపల అవిసె నూనె పోసి తిప్పి ఆరబెట్టాను, మా వానలకి గొట్టాలు లోపలి నుంచే తినేస్తాయి. హ్యాండిలు క్రోమ్ తుప్పుకి అల్యూమినియం ఫాయిలు ముద్ద చేసి నీళ్లతో రుద్దితే చాలు, ఫాయిలు క్రోమ్ కంటే మెత్తన, గీతలు పడవు.

తోలు సీటు ఎండి బిర్రబిగిసి ఉంది, చిరగలేదు. కింద నుంచి కొద్దిగా తోలు మైనం పట్టించాను. బిగించే బోల్టు జోలికి పోలేదు. ఎండిన తోలుని లాగితే రివెట్ల దగ్గర చీలుతుంది. హ్యాండిలు పిడులు పోయాయి. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు కదా, దున్నపోతు కొమ్ముతో పిడులు చేయించుకుంటానన్నారు పెద్దాయన. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ ఉక్కు గొట్టం మీదికి బిగువుగా తొడిగితే కొమ్ము పొర విడిపోయే ప్రమాదం ఉంది, చెమట చేతికి జారుతుంది కూడా. మామూలు నల్ల రబ్బరు పిడులు వేశాం. కొమ్ముతో తాళం చెవికి గొలుసు బిళ్ల చేయించుకున్నారు, అది బాగుంది.

కమ్మీ బ్రేకుల్లో వరస తప్పితే రోజంతా పోతుంది. మొదట చక్రం నడిమికి రావాలి, ఆ తర్వాతే రబ్బర్లు, చివర కమ్మీల పొడుగు. పాత రబ్బర్లు రాయిలా అయ్యాయి, మార్చాను. ఎండలో బాగానే ఆగుతుంది. వానలో క్రోమ్ రిమ్ము మీద కమ్మీ బ్రేకు సగానికి సగం కూడా పట్టదు, అది ఈ బండి లోపం కాదు, ఆ పద్ధతి లోపం. వాన రోజుల్లో దూరం ముందే బ్రేకు వేసి రిమ్ము మీద నీళ్లు తుడుచుకోనివ్వాలని చెప్పాను.

విడిభాగాలకి 7,000 రూపాయల లోపు అయింది, అందులో ఎక్కువ హబ్బు ముక్కలకి, కప్పుకి. కూలి వేరే. కొత్త నల్ల సైకిలు ఆ మాత్రం డబ్బుకి వస్తుంది, ఆ మాట ముందే చెప్పి మొదలుపెట్టాను.

పని అయ్యాక స్టాండు మీద పెడలు వేలితో నెడితే రెండు చుట్లు దానంతటదే తిరిగింది. పాతపట్నం వెళ్లి వచ్చాక పెద్దాయన ఫోను చేసి మూడో గేరు అసలు అవసరం పడలేదన్నారు. కొత్త కాటరు పిన్నులు మొదటి కొద్ది రోజుల్లో కొంచెం లోపలికి దిగుతాయి. పట్టించుకోకుండా తొక్కితే కడ్డీ రంధ్రం అరుగుతుంది, అందుకే వారం తర్వాత బండి తెప్పించి మళ్లీ బిగించాను. వెనక పుల్లలు రెండు సర్దుకున్నాయి, సరిచేశాను. డైనమో దీపం పని ఇంకా ఉంది, లోపలి అయస్కాంతం బలం తగ్గింది. దానికి కార్తీకం అయ్యాక తెమ్మన్నాను.